ఊహిస్తే చదివినట్టా?

చదువులో వెనకబడిన పిల్లల చేతికి, చూడగానే చెప్పమంటూ ఒక్కో మాట రాసిన కార్డులే మళ్లీ మళ్లీ ఇస్తున్నారు. పది రాకపోతే ఇరవై, అవీ రాకపోతే స్టాప్‌వాచీ పెట్టి ముప్పై. ఆరేళ్ల పిల్లకి ఇంత టెన్షన్ పెట్టి, చివరికి ఆ పిల్ల కార్డు మూలన ఉన్న మడతని గుర్తుపట్టి మాట చెప్పేస్తే 'వచ్చేసింది' అని టిక్కు కొట్టడం ఘోరం. ఆ పిల్ల చదవలేదు, ఊహించింది.

తరచూ వచ్చే మాటలు చూడగానే తట్టకపోతే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరచిపోతారని కార్డులు పట్టుకున్నవాళ్లు అంటారు. నిజమే. అయితే చూడగానే తట్టాలంటే ముందు ఆ మాటలోని అక్షరాలకీ శబ్దాలకీ ముడి పడాలి. కూడబలుక్కుని చదివిన మాటే నిలుస్తుంది. కొందరికి రెండు మూడుసార్లు చాలు, తడబడే పిల్లలకి ఇంకా చాలాసార్లు కావాలి. తేడా అంతే.

ఇంగ్లిష్‌లో పిల్లలు చూడగానే గుర్తుపట్టాలని, తరచూ వచ్చే మాటలతో డాల్చ్ అనే ఆయన 1936లో వేసిన జాబితాలో 220 మాటలున్నాయి. వాటిలో రన్, బిగ్, రెడ్ లాంటివి అక్షరం వెంట అక్షరం పలికితే వచ్చేస్తాయి. వాటిని బొమ్మల్లా బట్టీ పట్టించడం దేనికి? 'సెడ్' (said) తీసుకోండి. మొదటి ఎస్, చివరి డీ మామూలుగానే పలుకుతాయి. పేచీ అంతా మధ్యలోని ఏ, ఐలతోనే. ఆ రెండింటి కింద గీత గీసి, ఇక్కడ 'ఎ' అని పలకాలి అని చెబితే సరిపోతుంది.

తెలుగుకి ఆ సాకు కూడా లేదు. దాదాపు రాసినట్టే పలుకుతాం. అయినా ఇక్కడా అదే ఊహ. బొమ్మ కింద 'గుడిసె' అని ఉంటే పిల్లాడు 'ఇల్లు' అంటాడు, పెద్దవాళ్లు 'పోన్లే, దగ్గరగానే చెప్పాడు' అని పేజీ తిప్పేస్తారు. బొమ్మని అరచేత్తో మూసి చూడండి, నోరు పెగలదు. గకి కొమ్ము గు, డకి గుడి డి, సకి ఎత్వం సె అని వేలు పెట్టి చదివించి, మూడూ కలిపి పలికించి, ఒకసారి రాయించాలి. మర్నాడు మళ్లీ అడగాలి. ఇంత చేసినా కదలకపోతే చూపు, వినికిడి పరీక్ష చేయించాలి, నిపుణులకి చూపించాలి. తిట్టకూడదు.

ఈ రోజు ఊహకి టిక్కు కొడితే, పై తరగతుల్లో బొమ్మలు తగ్గి పాఠాలు పెరిగినప్పుడు ఆ పిల్లాడు దేన్ని చూసి ఊహిస్తాడు? అప్పుడు 'వీడికి చదువు అబ్బదు' అనేది కూడా టిక్కు కొట్టిన ఈ పెద్దలే. రోజుకి పది నిమిషాలు పక్కన కూర్చుని ఒక్క మాట సరిగా చదివించని వాళ్లకి ఆ మాట అనే హక్కు ఎవరిచ్చారు?