అడవి పంది గుద్దితే ఇన్సూరెన్స్ రాదని ఎవరు చెప్పారు?

కారుకి అడవి పంది అడ్డమొచ్చి ముందు భాగం నుజ్జయితే ఇన్సూరెన్స్ వస్తుందా? ఎవరిని అడిగినా ఒక్కో జవాబు చెబుతారు. జంతువులకి రాదని ఒకరు, అది దైవాధీనం కిందకి పోతుందని ఇంకొకరు, పోలీస్ కేసు పెడితేనే అని మరొకరు.

వస్తుంది. మీ పాలసీలో ఓన్ డ్యామేజ్ కవర్, అంటే మీ సొంత కారుకి జరిగే నష్టానికి ఇచ్చేది, ఉంటే వస్తుంది. పంది అయినా, దుప్పి అయినా, పలమనేరు వైపు ఏనుగు అయినా, శ్రీశైలంలో కోతి వైపర్ పీకేసినా దాన్ని బయటి నుంచి అనుకోకుండా జరిగిన నష్టంగానే చూస్తారు. జంతువుని తప్పించబోయి చెట్టుకి గుద్దినా అదే కవర్. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మాత్రం మీ కారుకి రూపాయి కూడా రాదు. అది మీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం కోసం ఉన్నది.

ఇంత చిన్న విషయం అమ్మేవాళ్లు ఎందుకు విడమర్చి చెప్పరన్నదే నా కోపం.

మా పెద్దనాన్నగారి అబ్బాయి సంగతి చెప్తాను. శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటాడు. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు ఆ నల్లమల అడవి దారిలో బండ్లని వదలరు కాబట్టి, చీకటి పడేలోపే అవతలికి చేరాలని బయల్దేరాడు. ఎడమ పక్క పొదల్లోంచి పంది ఒక్కసారిగా దూసుకొచ్చింది. బంపర్ రెండు ముక్కలు, గ్రిల్ లోపలికి పోయింది, రేడియేటర్ చిట్లి కూలెంట్ రోడ్డు మీద కారుతోంది. పంది లేచి అవతలి పొదల్లోకి పోయింది. విరిగిన గ్రిల్‌లో దాని వెంట్రుకలు గుచ్చుకుని ఉన్నాయి, నల్లగా, చీపురు పుల్లల్లా.

అన్నయ్య వెంటనే ఇంజన్ ఆపేశాడు. అది చాలా మంచి పని. కూలెంట్ పోయిన బండిని ఇంకో పది కిలోమీటర్లు నడిపితే ఇంజన్ సీజ్ అవుతుంది. అప్పుడు కంపెనీవాళ్లు ‘బంపర్ వరకు ఇస్తాం, ఇంజన్ మీరు నడపడం వల్ల పోయింది’ అంటారు. చాలామంది పెద్ద మొత్తం పోగొట్టుకునేది అక్కడే. బండి పక్కకి తీసి, ఆపి, టోయింగ్‌కి ఫోన్ చేయాలి.

ఫొటోలు తీసుకుని క్లెయిమ్ కోసం ఫోన్ చేస్తే, ‘మీకు ఓన్ డ్యామేజ్ లేదు సార్’ అన్నారు. మూడేళ్ల ఇన్సూరెన్స్ కట్టాను కదా అని అన్నయ్య గొడవ. మోసం జరిగేది సరిగ్గా ఇక్కడే. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారు కొంటే థర్డ్ పార్టీ ఒకేసారి మూడేళ్లకి కట్టాలి. ఓన్ డ్యామేజ్ మాత్రం సాధారణంగా ఒక్క ఏడాదికే ఇస్తారు. రెండో ఏడాది దాన్ని విడిగా రెన్యువల్ చేసుకోవాలి. అన్నయ్య ఏజెంట్‌ని అడిగితే, ‘మీకు ఇంకా రెండేళ్లుంది, టెన్షన్ పడకండి’ అన్నాడట. పోలీసులు ఆపినా కాగితం చెల్లుతుంది, యాప్‌లో చూసినా తేదీ ఉంటుంది. కారుకి రక్షణ లేదని పంది గుద్దాక గానీ తెలియలేదు. ఏజెంట్ ఒక్క మాట ‘అది థర్డ్ పార్టీకి మాత్రమే’ అని ఉంటే సరిపోయేది.

పాలసీ కాగితంలో అయినా ఉంటుందా? కారు పాలసీలో ఏయే నష్టాలు కవర్ అవుతాయో వరసగా రాసి ఉంటుంది. వరద, తుఫాను, వడగళ్లు, భూకంపం, కొండచరియలు, అల్లర్లు, చివరికి గడ్డకట్టే మంచు కూడా ఉంది. లిఫ్టులో బండిని తీసుకెళ్తుంటే జరిగే నష్టం కూడా ఉంది. అడవి జంతువు అనే మాట మాత్రం ఉండదు, అది ‘ప్రమాదవశాత్తూ బయటి కారణాలు’ అన్న గంపగుత్త మాటలో దాక్కుని ఉంటుంది. నల్లమల రోడ్ల మీద తిరిగేవాడికి గడ్డకట్టే మంచు ఎదురవుతుందా, పంది ఎదురవుతుందా? పేరు పెట్టి రాయకపోతే, కాల్ సెంటర్‌లో కొత్తగా చేరిన పిల్లాడు తెలియక రాదు అంటే మనం నమ్మి ఫోన్ పెట్టేస్తాం.

ఇంకో దెబ్బ ప్లాస్టిక్ మీద. జంతువు గుద్దితే ముందు పోయేవి బంపర్, గ్రిల్. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగమే ఇస్తారు, మిగతా సగం మన జేబులోంచే. దీనికే బంపర్ టు బంపర్, అంటే ఇలాంటి భాగాలకి కోత లేకుండా ఇచ్చే అదనపు కవర్, తీసుకోవాలి. అయినా 1500 సీసీ లోపు కారుకి మొదటి 1000 రూపాయలు, ఆపైన ఇంజన్ అయితే 2000 మనమే భరించాలి. కోతి అద్దం ఒక్కటే విరగ్గొడితే క్లెయిమ్‌కి పోవద్దనే చెప్తాను, వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది.

(అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపే వాట్సాప్ సలహాలు ఇక్కడ పనికిరావు. అక్కడ జింకని గుద్దితే ఒక కవర్, జింకని తప్పించి చెట్టుని గుద్దితే ఇంకో కవర్.)

నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయర్ ‘పంది ఏది?’ అని అడిగితే బెదరక్కర్లేదు. గుద్దిన జంతువు అక్కడే ఉండాలని రూలేమీ లేదు. బండి కడిగించకుండా ఆ వెంట్రుకలు, రక్తం మరకలు, రోడ్డు మీద గుద్దిన చోటు అన్నీ ఫొటో తీసి పెట్టుకోండి. ఒకవేళ జంతువు చనిపోతే ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి, మాంసం కోసం డిక్కీలో వేసుకుంటే కేసే. అటవీ శాఖవాళ్లకి చెప్పండి, ఆ సమాచారమే మీకు సాక్ష్యం కూడా అవుతుంది.

అన్యాయంగా క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విని పరిష్కరించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

ఇన్సూరెన్స్ కంపెనీలని అదుపు చేసే రెగ్యులేటర్ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది. వాళ్లని నేను కోరేది ఇంతే: పాలసీ మొదటి పేజీలో, కొన్నవాడి భాషలో, రెండు తేదీలు విడివిడిగా పెద్ద అక్షరాల్లో వేయించండి. మీ కారుకి కవర్ ఎప్పటి వరకు, ఎదుటివాళ్లకి ఎప్పటి వరకు అని. దాని కిందే ‘అడవి జంతువుల వల్ల నష్టం’ అని ఒక్క లైను రాయించండి.