అటక మీద బాణసంచా: ఒక వాదోపవాదం

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి బజారులో కిరాణా కొట్టు నడుపుకునే మేనమామ ఒకరు. ఏటా దీపావళికి పది రోజుల ముందు కొట్టు ఎదుట బల్ల వేసి టపాసులు అమ్ముతాడు. ఆసుపత్రిలో కాలిన గాయాల విభాగంలో పనిచేసే నర్సు అతని మేనకోడలు. బాణసంచా అమ్మకాన్ని వీధుల్లోంచి తీసేసి ఊరి బయట మైదానానికి పరిమితం చేయాలన్న మాట మీద ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. నేను మేనకోడలి పక్షం. కానీ మామయ్య అడిగిన వాటిలో ఒకటి రెండింటికి నా దగ్గరా జవాబు లేదు. అందుకే అతని మాటలను కుదించలేదు.

మామయ్య: ఏడాది పొడుగునా ఉప్పూ పప్పూ అమ్మితే ఇల్లు గడుస్తుంది, అంతే. పిల్లల ఫీజులు కట్టేది ఈ పది రోజుల డబ్బుతోనే. నన్ను ఊరి బయటికి పొమ్మంటే, మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మ అక్కడిదాకా వచ్చి కాకరపువ్వొత్తులు కొంటుందా?

మేనకోడలు: మీ రాబడి పోవాలని నాకెందుకుంటుంది మామయ్యా? మీ బల్ల ఎక్కడుందో చూడండి. ఒక పక్క కిరోసిన్ డబ్బా, ఇంకో పక్క బట్టల కొట్టు, పైన కరెంటు తీగ. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనలు ఏమంటున్నాయి? పండుగ దుకాణాన్ని మంటంటుకోని సామగ్రితో కట్టాలి. రెండు దుకాణాల మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలి. ఇళ్ళు, బళ్ళు, గుళ్ళలాంటి రక్షిత కట్టడాలకు 50 మీటర్ల దూరం పాటించాలి. దుకాణాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండకూడదు. లోపల నూనె దీపమైనా వెలగకూడదు. మన బజారులో ఎటు 50 మీటర్లు కొలిచినా ఇళ్ళే తగులుతాయి.

మామయ్య: ఆ లెక్కన ఈ ఊళ్ళో ఎవరూ అమ్మలేరు.

మేనకోడలు: బజారులో అమ్మలేరు. నేను చెప్పేదీ అదే.

మామయ్య: సరే, ఇక్కడ ఆపేశారనుకో. కూతవేటు దూరంలో పాతపట్నం ఉంది. అది ఆంధ్రా, ఇది ఒడిశా. ఈ కలెక్టరు వద్దంటే జనం ఆటో ఎక్కి ఆ కలెక్టరు జిల్లాలో కొనుక్కొస్తారు. సీట్ల కింద, పిల్లల కాళ్ళ దగ్గర సంచుల్లో పెట్టుకుని తెస్తారు. అది నా బల్ల కంటే క్షేమమా?

(ఇది గట్టి ప్రశ్న. సరిహద్దు ఊళ్ళలో ఒక్క జిల్లా వేసుకున్న కట్టడి సగమే పనిచేస్తుంది. పాతపట్నం ఉన్న శ్రీకాకుళం, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాల అధికారులు ఒకే వారంలో ఒకే మాట చెప్పాలి. ఆ పని జరగనంత కాలం మామయ్య చెప్పిందే జరుగుతుంది.)

మేనకోడలు: పక్క ఊళ్ళో దొరుకుతుందని మనం వదిలేయాలా? పోయిన ఏడాది ఒక అబ్బాయిని తీసుకొచ్చారు. తొమ్మిదేళ్ళుంటాయేమో. చిచ్చుబుడ్డి వెలగలేదని మొహం దగ్గరగా పెట్టి ఊదాడు. అది భగ్గుమని చెయ్యి కాలింది. వాళ్ళమ్మ కంగారులో చెయ్యంతా పళ్ళ పేస్టు పూసింది. అది ఎండి పెచ్చులు కట్టింది. దాన్ని తడిపి ఒక్కొక్క పెచ్చూ తీస్తుంటే చర్మం కూడా పేస్టుతోపాటు లేచి వస్తోంది. వాడు ఏడవలేదు మామయ్యా. రెండో చేతి గుప్పిట విప్పలేదు. ఎంత అడిగినా విప్పలేదు. చివరికి చూస్తే అందులో చిల్లర. తనే కొట్టుకెళ్ళి కొన్నాడు. మిగిలిన డబ్బులు అమ్మకిద్దామని పట్టుకున్నాడు.

మామయ్య: ...ఏ కొట్టులో కొన్నాడు?

మేనకోడలు: అడగలేదు. అడగాలనిపించలేదు.

మామయ్య: చిన్నపిల్లలకు అమ్మకూడదన్నావంటే ఒప్పుకుంటాను. ఆ మాట నేనే బల్ల మీద రాసి పెడతాను. కానీ ప్రతి ప్రమాదానికీ దుకాణాన్నే తప్పుపట్టకు. 2024లో పూరీ జగన్నాథుడి చందన యాత్రలో నరేంద్ర పుష్కరిణి దగ్గర బాణసంచా పోగు పేలి ఎంతమంది పోయారో నీకు తెలుసు. అది వీధి బల్ల మీద సరుకా? ఉత్సవానికి తెచ్చిన సరుకు. ఇంటింటా వద్దు, అందరికీ కలిపి ఒకేచోట కాలుద్దాం అనేవాళ్ళు దానికేమంటారు?

మేనకోడలు: అక్కడా పోగు పక్కన జనం నిలబడ్డారు. మన బజారులోనూ పోగు పక్కనే జనం. నా భయం ఆ పోగు గురించే. ఎవరు తెచ్చారన్నది తరవాతి మాట.

మామయ్య: సుప్రీంకోర్టు 2018లో చెప్పినవన్నీ పాటిస్తున్నాను తల్లీ. వెయ్యివాలాలు వద్దన్నారు, తేవడం మానేశాను. రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చమన్నారు, కొనేవాళ్ళకు చెబుతున్నాను. గ్రీన్ టపాసులే తెస్తున్నాను.

మేనకోడలు: ఆ గ్రీన్ వాటిలోనూ పొగ ధూళి 30 శాతం తగ్గుతుందనే కదా తయారు చేయించిన సంస్థ చెప్పింది. మిగతాది ఊపిరితిత్తుల్లోకే. పైగా వాటి నిప్పు చల్లగా ఉండదు. కాకరపువ్వొత్తి రవ్వ వెయ్యి డిగ్రీలు దాటుతుంది.

మామయ్య: పండుగంటేనే నిప్పు. మన పక్కింటి ఒడియావాళ్ళు జనపకాడలు వెలిగించి ఆకాశంకేసి ఎత్తి, పెద్దలారా చీకట్లో రండి, వెలుగులో వెళ్ళండి అని పిలుస్తారు. మన పిల్లలు గోగుకాడలకు గుడ్డ కట్టి దిబ్బు దిబ్బు దీపావళి అని నేలకు కొడతారు. దాన్ని కూడా ఆపేస్తారా?

మేనకోడలు: జనపకాడలు, గోగుకాడలు మీ బల్ల మీద అమ్ముతారా?

మామయ్య: అమ్మను.

మేనకోడలు: మరి వాటిని ఎవరూ ఆపడం లేదు. తాతయ్య దీపావళి వాటితోనే గడిచింది.

మామయ్య: (కాసేపు ఊరుకుని) కట్టడి పెట్టేవాళ్ళు ముందుగా చెప్పరమ్మా. నా కడుపుమంట అది. 2020లో కరోనా అని నవంబరు 10 నుంచి 30 దాకా అమ్మకాలే వద్దన్నారు. దీపావళి 14న. అప్పటికే అప్పు తెచ్చి సరుకు దించుకున్నాను. వెనక్కి తీసుకోమంటే టోకు వ్యాపారి ఫోను ఎత్తలేదు. తప్పు నాదా?

మేనకోడలు: కాదు. ఆ మాట నేనూ ఎక్కడైనా చెబుతాను. మరి ఆ సరుకు ఏం చేశారు?

మామయ్య: ఏం చేస్తాను? మరుసటి ఏడాదికి ఉంచాను.

మేనకోడలు: ఎక్కడ?

మామయ్య: అటక మీద.

మేనకోడలు: నడిమి గది అటకా? వేసవంతా?

మామయ్య: గోనెలు కప్పాను. తడి తగలకుండా చూసుకున్నాను.

మేనకోడలు: ఆ గదిలోనే కదా అత్తయ్య దేవుడి దీపం పెట్టేది. సెలవులకు వచ్చినప్పుడు నేనూ తమ్ముడూ పడుకున్నది అక్కడే.

(మామయ్య జవాబు చెప్పలేదు. చేతిలోని అగరువత్తుల కట్టను బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి, గల్లాపెట్టె వెనక పెట్టాడు.)

మామయ్య: దసరాకు ముందే చెప్పమను. మైదానంలో నాకింత చోటు, ఒక రేకుల షెడ్డు, నీళ్ళ ట్యాంకరు చూపించమను. పాతపట్నంలోనూ ఇదే పెట్టమను. వస్తాను.

మేనకోడలు: ఇప్పుడు అటక ఖాళీయేనా?

మామయ్య: రెండు పెట్టెలున్నాయి.

మేనకోడలు: బకెట్టు నిండా నీళ్ళు పట్టమని అత్తయ్యకు చెప్పండి. నిచ్చెన ఎక్కడుంది?