అల్లరి కాదు, వాడి మాట

ఫంక్షన్ హాల్లో బ్యాండు మొదలైంది. ఆరేళ్ల పిల్లాడు రెండు చెవులూ మూసుకుని నేల మీద పడి ఏడుస్తున్నాడు. పక్క కుర్చీల్లోంచి తీర్పులు వచ్చేస్తాయి: 'గారాబం ఎక్కువైంది', 'ఒక్కటి తగిలిస్తే దారికొస్తాడు', 'సెల్‌ఫోన్ ఇచ్చి చెడగొట్టారు'. తల్లి తలొంచుకుని, అన్నం కూడా తినకుండా పిల్లాణ్ని ఎత్తుకుని బయటికి నడుస్తుంది.

పిల్లాడికి ఆటిజం (మాటలోనూ, మెలగడంలోనూ తేడా చూపించే మెదడు ఎదుగుదల తీరు) ఉన్నప్పుడు ఆ ఏడుపును మొండితనం అనుకోవడం పొరపాటు. మారాం చేసే పిల్లాడు అడిగింది చేతిలో పెట్టగానే ఊరుకుంటాడు. అమ్మ చూస్తోందా లేదా అని మధ్యలో ఓరకంట కనిపెడతాడు కూడా. వీడికి ఆ లెక్కలేవీ తెలియవు. మనకు సందడిగా ఉన్న డోలు వాడి చెవికి భరించలేని మోత. ఆ సమయంలో మన ప్రశ్నలు, బుజ్జగింపులు, బెదిరింపులు ఆ మోతను ఇంకాస్త పెంచుతాయి. చప్పుడు లేని చోటికి తీసుకెళ్లి, మాటలు తగ్గించి, పక్కన కూర్చోవాలి.

చేతులు ఆడించడం, ఊగడం, స్టీలు గ్లాసు గిరగిరా తిప్పుతూ కూర్చోవడం చాలాసార్లు టెన్షన్ తగ్గించుకోవడానికే. ఎవరికీ దెబ్బ తగలనప్పుడు వాటిని మాన్పించాలని పట్టుబట్టడం బంధువుల ముందు పరువు కోసం తప్ప దేనికి? మీటింగులో కాలు ఊపకుండా కూర్చునేవాళ్లు మనలో ఎందరు? తల గోడకేసి కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. చెవిపోటో పంటినొప్పో ఉండి చెప్పలేకపోతున్నాడేమో.

'నీళ్లు కావాలా?' అని పిల్లాడే అమ్మను అడుగుతాడు. దాహం వాడిదే. రోజూ గ్లాసుతో పాటు వినబడే మాట అది, దాన్నే తిరిగి అంటున్నాడు. నవ్వకుండా 'నీళ్లు కావాలి' అంటూ గ్లాసు అందిస్తే, ఎలా అడగాలో మెల్లగా పట్టుబడుతుంది. స్నానం, టిఫిను, ఆటో, బడి బొమ్మలు వరుసగా గోడకు అంటిస్తే తర్వాత ఏం జరుగుతుందోనన్న బెంగ తగ్గుతుంది. కుక్కర్ విజిల్ రాబోతోందని ముందే చెప్పడమూ అలాంటిదే.

ఇంట్లో ఇంత చేసిన తల్లిదండ్రులు బడి గేటు దగ్గర ఓడిపోతున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ బడులైనా, గుర్తింపు పొందిన ప్రైవేటు బడులైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలనీ, పిల్లల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలనీ అదే చట్టం చెబుతోంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్రం నడిపే జాతీయ సంస్థ 1984 నుంచి మన సికింద్రాబాద్‌లోనే ఉంది. దేశమంతా ఆటిజం నిర్ధారణకు వాడుతున్న భారతీయ కొలమానం తయారైంది అక్కడే. అయినా 'మీవాడు మా బడిలో ఇమడలేడండీ' అన్న మాట వినబడుతూనే ఉంది.

జూన్‌లో బడులు తెరిచేలోగా బడికి ఒక్క టీచరుకైనా ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ కోరుతున్నాం. గంట మోతకు బెదిరే పిల్లాడి క్లాసును గంటకు దూరంగా ఉన్న గదిలోకి మార్చడానికి మాత్రం హెడ్‌మాస్టరుకు ఏ జీవో అక్కర్లేదు.