ఊరు కాదంటే కోర్టుకీడుస్తారా?

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, వాష్టెనా కౌంటీలోని సలీన్ టౌన్‌షిప్‌లో 2020 జనాభా లెక్కల ప్రకారం 2,300 మంది కూడా లేరు. ఊరినిండా పొలాలే. ఆ పొలాల్లో 575 ఎకరాలను డేటా సెంటర్ కోసం పారిశ్రామిక భూమిగా మార్చడం కుదరదని 2025 సెప్టెంబరులో టౌన్‌షిప్ బోర్డు 4-1 ఓట్లతో తేల్చి చెప్పింది. రోజుల వ్యవధిలోనే డేటా సెంటర్ కట్టదలచిన సంస్థ, భూమి యజమానులు కలిసి బోర్డు మీద దావా వేశారు. అక్టోబరుకల్లా బోర్డు రాజీకి తల వంచింది. కాదన్న ఊరి చేతే అవుననిపించారు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే.

అమెరికా టౌన్‌షిప్ అంటే ఏమిటో తెలిస్తే ఈ అన్యాయం ఎంతటిదో అర్థమవుతుంది. 1785 నాటి భూచట్టం అక్కడి పశ్చిమ భూములను ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గళ్లుగా గీసింది. గడికి 36 సెక్షన్లు, సెక్షన్‌కు 640 ఎకరాలు. 16వ సెక్షన్ బడి కోసం. మిషిగన్‌లో ఆ గళ్లలో చాలావరకు స్థానిక ప్రభుత్వాలుగా స్థిరపడ్డాయి. నేడు అలాంటివి 1,240 ఉన్నాయి. సలీన్‌లో అడిగింది అటూఇటుగా ఒక సెక్షన్ మొత్తం!

ఆ ప్రభుత్వమైనా ఎంతని? సూపర్‌వైజర్, క్లర్క్, ట్రెజరర్, ఇద్దరు ట్రస్టీలు. ఊళ్లో మట్టిరోడ్డు కూడా కౌంటీ రోడ్ కమిషన్‌దే. బడి వేరే బోర్డుది. ఎన్నికలు జరపడం, పన్నులు వసూలు చేయడం పోగా వీరి చేతిలో మిగిలిన అసలైన అధికారం ఒక్కటే: ఏ నేలలో ఏం రావాలో, ఏం రాకూడదో చెప్పే జోనింగ్. దాన్నే ఇప్పుడు లాగేసుకున్నారు.

ఎలా లాగేశారో చూడండి. అవసరం ఉన్నదని రుజువైన భూవినియోగాన్ని ఏ ఊరూ పూర్తిగా నిషేధించరాదని మిషిగన్ జోనింగ్ చట్టం చెబుతోంది. ఒక వర్గాన్నో, ఒక అవసరాన్నో ఊరి గడప తొక్కనివ్వని పెత్తనాన్ని ఆపడానికి పనికొచ్చే నిబంధన అది. దాన్ని 1,400 మెగావాట్ల కరెంటు తాగే కేంద్రం కోసం అయిదుగురు సభ్యుల బోర్డు మీద ప్రయోగించారు. వందల కోట్ల డాలర్ల ప్రాజెక్టుతో ఏళ్ల తరబడి కేసు నడిపే స్తోమత ఆ ఊరికెక్కడిది? న్యాయం ఎవరివైపుందో ఏ న్యాయమూర్తీ విచారించి చెప్పలేదు. లాయర్ల ఖర్చే తీర్పు చెప్పింది.

భూమి అమ్ముకునే హక్కు యజమానులకుందని, నిర్మాణంలో వేలమందికి పని దొరుకుతుందని సమర్థకులు అంటున్నారు. కావచ్చు. రాజీలో అగ్నిమాపక దళాలకు 80 లక్షల డాలర్లు, సాగుభూముల రక్షణకు 40 లక్షలు రాయించుకున్నారు కూడా. సాగుభూమిని పోగొట్టి సాగుభూమి రక్షణకు విరాళమా!

ఇది ఒక్క సలీన్‌తో ఆగేది కాదు. 2023లో మిషిగన్ శాసనసభ భారీ సౌర, పవన విద్యుత్ ప్రాజెక్టుల విషయంలో తుదిమాట విద్యుత్ సంస్థలను నియంత్రించే రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు దక్కే దారి తెరిచింది. ఊళ్ల మాట చెల్లకుండా చేయడానికి అప్పుడు చట్టమైనా చేయాల్సివచ్చింది. ఇప్పుడు దావా కాగితం చాలు. రేపు మరో టౌన్‌షిప్ బోర్డు ఇలాంటి దరఖాస్తు చేతికొచ్చినప్పుడు ఊరి మేలు చూడదు, సలీన్‌కు ఏమైందో చూస్తుంది. ఓటు వేయకముందే ఓడిపోతుంది. ఆ గళ్లలో ప్రతి ఊరికీ ఈ ముప్పు పొంచి ఉంది.

ఇంత జరిగాక ఆ పబ్లిక్ సర్వీస్ కమిషనైనా ప్రజల గోడు వినిందా? ఈ కేంద్రానికి కరెంటు సరఫరా చేసే విద్యుత్ సంస్థ డీటీఈ ఒప్పందాలను సాక్షులను ప్రశ్నించే పూర్తిస్థాయి విచారణ లేకుండానే డిసెంబరు 18న షరతులతో ఆమోదించింది. జనం ముందు పెట్టిన ఒప్పంద పత్రాల్లో చాలాభాగం వివరాలు కనబడకుండా కొట్టేసిన నల్లగీతలే. విచారణ జరపాలని రాష్ట్ర అటార్నీ జనరల్ డానా నెసెల్ కోరినా చెవిన పెట్టలేదు. ఊరి బోర్డును లొంగదీసింది దావా ఖర్చు. కమిషన్‌ను ఎవరూ కోర్టుకీడ్చలేదే! విచారణ జరపడానికి దానికేం అడ్డొచ్చింది? రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లోని కమిషనర్లు ముందు ఆ నల్లగీతలు తీసేసి, సలీన్ రైతుల ఎదుట కూర్చుని జవాబు చెప్పాలి.