కూలర్ జిల్లుమంటోందా? ముందు ప్లగ్గు విప్పండి

ఎండలు ముదిరితే చాలు, బెజవాడలో ఏ వీధిలో చూసినా ఒకటే మాట: "కూలర్ కాస్త జిల్లుమని షాక్ కొడుతోందండీ, చెప్పులేసుకుని ముట్టుకుంటే ఏం కాదు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. జిల్లుమంటోందంటే ఇనుప బాడీలోకి కరెంటు దిగింది, అది భూమిలోకి పోవడానికి ఎర్తు దారి లేదు అని అర్థం. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి నీళ్లు పోసే మనిషే దానికి దారి.

స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, దాని మూత విప్పి చూడండి. పెద్ద పిన్ను, అంటే ఎర్తు పిన్ను, ఖాళీగా ఉండి, ఆకుపచ్చ వైరు మొదట్లోనే కత్తిరించేసి ఉంటే తప్పు అక్కడే దొరికినట్టు. ఎర్తు పిన్ను మిగతా రెంటికంటే పొడుగ్గా ఎందుకుంటుంది? పెట్టేటప్పుడు ముందు అదే తగలాలి, తీసేటప్పుడు చివర అదే వదలాలి. టూపిన్ బోర్డులో పట్టడం లేదని దాన్ని కోసేసేవాళ్లకు ఏం చెప్పాలి!

పిన్నులు అవతలి వైపుకి, పెద్ద పిన్ను పైకి ఉండేలా పట్టుకుంటే కుడివైపు ఫేజు (కరెంటు వచ్చే వైరు), ఎడమవైపు న్యూట్రల్ (తిరిగి పోయే వైరు). కూలర్ తీగలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్తు. గోడలోపలి త్రీఫేజు వైరింగులో మాత్రం నీలం కూడా ఫేజే, న్యూట్రల్ నలుపు. రంగు చూసి గోడ వైరు మీద చెయ్యి వేయకండి.

ప్లగ్గులో బిగించేటప్పుడు వైరు కొసన రాగి పోగుల్ని గట్టిగా మెలిపెట్టి, స్క్రూ బిగిసే వైపుకే చుట్టాలి. ఒక్క పోగు కూడా బయటికి రాకూడదు. ఎర్తు వైరును మిగతావాటికంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ వదలండి, తీగ లాగినా అది చివరికి ఊడుతుంది. ప్లగ్గులో తీగను బిగించే క్లిప్పు తీగ పైతొడుగును పట్టుకోవాలి, లోపలి సన్న వైర్లను కాదు.

"ఎంసీబీ ఉందిగా" అంటారు. అది కరెంటు మరీ ఎక్కువ పారితే తనంతట తానే పడి సరఫరా ఆపేసే స్విచ్. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి. రోహిణి కార్తెకు ఎర్తు గుంట (ఇంటి ఎర్తు వైరు భూమిలోకి దిగే చోటు) ఎండి, దాని నిరోధం 20 ఓములుందనుకోండి, 230 వోల్టులకు పారేది పదకొండున్నర ఆంపియర్లే. ఎంసీబీ కదలదు, కూలర్ బాడీలో కరెంటు అలాగే నిలుస్తుంది. గుండె లయ తప్పడానికి కొన్ని పదుల మిల్లీఆంపియర్లు చాలు. అందుకే ఆ కాస్త కరెంటు పక్కకు లీకైనా వెంటనే పడి సరఫరా ఆపేసే స్విచ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, కావాలి. ఎర్తు గుంట ఎండకుండా నీళ్లూ పోయాలి, అపార్టుమెంట్లలో దాని మీద పార్కింగ్ టైల్స్ పరిచేస్తే ఎక్కడ పోస్తారు?

ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతోందని దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేయడం ఘోరం. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో దానికి ఒక కారణం ఇన్వర్టర్ న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ ఒకచోట కలిసిపోవడం. వాటిని విడదీయించండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు బెజవాడ సింగ్‌నగర్ ఇళ్లను ముంచాయి. అప్పుడు మునిగిన బోర్డులు ఆరాయి కదా అని ఇంకా వాడుతున్నవాళ్లు సాకెట్లు, ఎంసీబీలు మార్చేయండి. లోపల చేరిన బురద చెమ్మను పట్టి ఉంచుతుంది.

నెలకోసారి ఆర్‌సీసీబీ మీద 'టి' బటన్ నొక్కండి. పడకపోతే ఆరోజే మార్పించండి. పడింది కాబట్టి ఎర్తు బాగుందనుకోవద్దు, ఆ బటన్‌కు ఎర్తుతో పనిలేదు. ఎర్తును ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి విడిగా చూపించుకోవాలి.