మూడు గీతల పిల్లి, ముప్పై బాధల కవి

పిల్లి బొమ్మ గీయడానికి ఒక సున్నా, దాని నెత్తిన రెండు త్రిభుజాలు, వెనక ఒక తోక చాలు. ఆ పిల్లిని చూసి కవిత రాయడానికి మాత్రం బాల్యం, వలస, ఒంటరితనం, వీలైతే ఒక సామ్రాజ్య పతనం కావాలి. జంతువుల బొమ్మలు చూసి చిట్టి కవితలు అల్లడం తేలిక పని అని నోరు పారేసుకునేవాళ్లకు ఈ శ్రమ అర్థం కాదు.

బొమ్మలో ఎంత తక్కువ ఉంటే కవికి అంత లాభం. ఏనుగును చర్మం ముడతలతో సహా గీశారనుకోండి, దాన్ని కాసేపైనా చూడాల్సి వస్తుంది. గోళ్లు, వెంట్రుకలు లాంటి అనవసర వివరాలు కంటబడి కవిత్వం చెడుతుంది. నాలుగు గీతల ఏనుగుతో ఆ బెడద లేదు. అది ఏనుగని తెలియాలంటేనే కింద పేరు చదవాలి కాబట్టి, కవి నేరుగా తన గుండెకోతలోకి దిగిపోవచ్చు.

పికాసో 1945-46లో ఒక ఎద్దును 11 దశల్లో లిథోగ్రాఫులుగా, అంటే రాతి అచ్చు బొమ్మలుగా వేశాడు. మొదట్లో కండపట్టిన ఎద్దు. పోనుపోను కండ తీసేశాడు, బరువు తీసేశాడు, చివరికి కొన్ని గీతలు మిగిల్చాడు. పాపం, ఆయన అంత కష్టపడి తీసేసిందంతా మన కవి మూడు పాదాల్లో తిరిగి ఎక్కించగలడు. నాగలి, కరువు, నాన్న చిరుగుల చొక్కా, అన్నీ. ఎద్దే కదా, మోస్తుంది.

జపాన్‌లో హైకూనీ బొమ్మనీ ఒకే కాగితం మీద పెట్టే హైగా అనే పద్ధతి ఉంది. 18వ శతాబ్దంలో బుసోన్ అనే కవి ఆ రెండు పనులూ తానే చేసేవాడు. కవిత చెప్పిందే బొమ్మ మళ్లీ చెప్పనక్కర్లేదన్నది అక్కడి మర్యాద. మన మర్యాద ఇంకో మెట్టు పైన: కవితకూ బొమ్మకూ ముఖపరిచయం కూడా ఉండదు. ఇక జపాన్ కవి బషో హైకూలోని కప్ప సంగతి. 1686లో అది పాత కొలనులోకి దూకింది, నీళ్ల చప్పుడయింది, అంతే. అంత పేరు తెచ్చుకున్న కప్పకు ఒక్క అభిప్రాయం లేదు! మన కప్ప అయితే గట్టు మీదే నిలబడి వ్యవస్థను నిలదీసేది. తర్వాత దూకినా దూకకపోయినా ఎవరికీ పట్టింపు లేదు.

ఫ్రెంచి కవి అపోలినేర్ కొంచెం నిజాయితీపరుడు. 1911లో చిత్రకారుడు ద్యూఫీ చెక్క మీద చెక్కిన బొమ్మలతో అచ్చయిన తన జంతువుల చిన్న చిన్న పద్యాల్లో, ఆక్టోపస్ దగ్గరికి వచ్చేసరికి ఆ రాక్షసి తానేనని చెప్పేశాడు. మనవాళ్లూ ప్రతి జంతువులో తమనే చూసుకుంటారు. ఒప్పుకోరు, అంతే తేడా.

ఈమధ్య ఒక గుర్రం బొమ్మ చూశాను. పొట్ట సొరకాయలా ఉంది, జూలు ఐదు నిలువు గీతలు, కాళ్లు మూడు. ఒక చిన్నపిల్ల గీసింది. దానికింద ఒక కవిగారు ఇలా రాశారు:

నాలుగో కాలు
నీ జ్ఞాపకాల్లో
ఇంకా పరుగెడుతోంది

లేని కాలే ఈ కవితకు ఊతమని ఒక విమర్శకుడు నాలుగు పేజీలు రాశాడు. కాలుకు పేజీ లెక్కన సరిపోయింది. నాలుగో కాలు ఏదమ్మా అని పిల్లనడిగితే, "కాగితం అయిపోయింది" అంది. కవితకంటే ఆ మాటే బాగుందని పక్కనున్నాయన అన్నాడు. ఇలాంటి పాఠకుల వల్లే సాహిత్యం ముందుకు సాగడం లేదు.

కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు ఒక సూచన. గుడ్లగూబకు జ్ఞానం, నక్కకు మోసం, పావురానికి శాంతి ఎప్పుడో కేటాయించేశారు. కాకి మీద ఇప్పటికే రద్దీ ఎక్కువ. బల్లి, తేలు, పంది దాదాపు ఖాళీ. పంది విషయంలో మాత్రం తొందరపడండి. గుండ్రటి ముక్కు, అందులో రెండు చుక్కలు, మెలితిరిగిన తోక. అంత సులువుగా గీయగలిగే జంతువును ఏ బాధా తగిలించకుండా ఎక్కువ రోజులు వదిలిపెట్టరు.