సముద్రం పాలు కావలసిన నీళ్లు

ప్రపంచంలో ఎక్కడెక్కడ అడవికి రక్షణ కరవైందో తేల్చే పద్ధతి పైకి తేలికే. అడవుల పటం మీద అభయారణ్యాల పటం పరిచి, గీత బయట మిగిలిన పచ్చదనాన్ని లెక్కగడతారు. 2030 నాటికి భూమిలో, సముద్రంలో 30 శాతాన్ని కాపాడతామని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నదీ ఈ గీతల భాషలోనే. అలా చూస్తే గోదావరి డెల్టాలో కోరింగ మడ అడవికి లోటే లేదు. 1978 నుంచీ అభయారణ్యం, 235.70 చదరపు కిలోమీటర్లు.

ఆ పటాన్ని నేను నమ్మను. మన ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారు పైబడిన నేల మీద పది శాతం ఆకు కమ్మితే అది అడవి కిందే జమ. ఏ చెట్టు, ఎవరి నేల అన్న ప్రశ్నే లేదు. కోనసీమ కొబ్బరితోటలూ అందులోకే వస్తాయి. దింపు తీసేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో!

గీత లేకపోతే మడ అంతా ఈపాటికి రొయ్యల చెరువులయ్యేదంటారు. ఒప్పుకుంటాను. 2020లో కాకినాడ దుమ్ములపేటలో ఇళ్ల స్థలాల కోసం మడను పూడిస్తే వ్యవహారం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. కానీ గీత ఆపగలిగేది గొడ్డలినీ పొక్లెయిన్‌నీ.

మడ బతికేది ఉప్పునీరూ మంచినీరూ కలిసేచోట, ఏరు తెచ్చే ఒండ్రు మీద. ఆ ఒండ్రును ఎగువ జలాశయాలు పట్టేసుకుంటున్నాయి. ధవళేశ్వరంలో గేట్లు దించి, వేసవిలో వచ్చిన కాస్త నీటినీ దాళ్వా కోసం, అంటే రెండో పంట వరి కోసం, కాలువలకు మళ్లిస్తాం. ఇక కోరింగ పక్కన కడలిలో కలిసే గోదావరి పాయ గౌతమిలో మిగిలేది సముద్రపు పోటే. ఉప్పుకు ఓర్చే చెట్టు గిడసబారి నిలుస్తుంది, ఓర్వలేనిది పోతుంది. ఒక్క కొమ్మా నరకలేదు కాబట్టి ఏ కేసూ ఉండదు.

నా అసలు గొడవ ఒక మాటతో. వరదొస్తే చాలు, ఇన్ని టీఎంసీలు 'సముద్రం పాలు' అని పతాక శీర్షికలు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన నాటి నుంచీ కాలువలోకి ఎక్కని చుక్క వృథా అనుకోవడం మనకు అలవాటైంది. ఆ అన్నం తిన్నవాణ్ణే నేనూ. దాళ్వా మానమంటే గట్టు మీద నిలబడనివ్వరనీ తెలుసు. కానీ ఒండ్రు కడలికి చేరకపోతే డెల్టా తీరమే సముద్రం పాలవుతుంది. అంతర్వేదిలో కోత చూస్తూనే ఉన్నాం.

తూర్పు డెల్టాకు ఇంత, మధ్య డెల్టాకు ఇంత, పశ్చిమ డెల్టాకు ఇంత అని దాళ్వా నీళ్లు పంచే కాగితం మీద ఈసారి మడకూ ఒక వంతు రాయండి. మార్చి, ఏప్రిల్‌లో గౌతమిలోకి రోజుకు ఎన్ని క్యూసెక్కులో అంకె వేసి మరీ రాయండి.